నాలుగో నిద్ర

మూడో నెల, రెండో రోజు
అంతఃపురం, పట్టుపురుగుల ఇల్లు

రూహే అక్కకి మియెన్ నమస్కరించి రాసేది.

నా రాత చూసి నవ్వకక్కా. నువ్వు పొయ్యి బూడిదలో వేలు పట్టి దిద్దించిన మూడేళ్ళ చదువే కదా నాది. గీతలు తక్కువున్న అక్షరాలు పరవాలేదు. ఎక్కువున్న వాటి దగ్గరికి వచ్చేసరికి కొమ్మల్లో చిక్కుకున్నట్టు కళ్ళు తిరుగుతాయి. ఎక్కడ గీత ఎగ్గొట్టానో అక్కడ నువ్వే వేసుకుని చదువుకో. తప్పులు మన్నించు.

ఇక్కడి ఆడవాళ్ళు అనుమతి లేకుండా ఇంటికి ఉత్తరం రాయకూడదు, ఇంటి నుంచి తెప్పించుకోనూ కూడదు. దొరికితే ఇద్దరికీ శిక్షే. కానీ మాకు మల్బరీ ఆకు తెచ్చే గూ అవ్వ పడవ మీ రేవులో ఆగుతుందని మొన్ననే తెలిసింది. భయపడుతూనే అడిగాను. "నా బుట్టలో చెయ్యి పెట్టే కాపలావాడు ఇంకా పుట్టలేదే పిల్లా, ఇలా తే" అంది.

నేను చక్రవర్తి భార్యనై పద్నాలుగు నెలలయింది. నాకంటే పైన ఎంతమంది ఉన్నారో లెక్క తెలియదు, కింద మాత్రం ఎవరూ లేరు. ఆయన్ని ఒకే ఒక్కసారి చూశాను, వంచిన తల ఎత్తలేదు కాబట్టి చెప్పుల వరకే చూశాను.

మొన్న మహారాణి పట్టుదేవతకి పూజ చేసి మాలో ఒక్కొక్కరికి ఒక్కో తట్ట పురుగుల్ని ఇచ్చారు. నల్లటి నువ్వుగింజలంత ఉన్నాయి. నాలుగు నిద్రలు పోయి లేచాక గూళ్ళు కడతాయి. ఎవరి గూళ్ళు బాగుంటే వాళ్ళ పట్టుతో చక్రవర్తి పూజావస్త్రం నేస్తారు. ఆ తట్ట పెంచినావిడకి పదవి పెరుగుతుంది. ఇంకా, పుట్టింటివాళ్ళలో ఒకరిని పిలిపించి ఒక పూటంతా కూర్చోబెట్టుకోవచ్చు. పదవి సంగతి నాకెందుకు? నాకు ఆ ఒక్క పూట కావాలి. నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చుంటే చాలు.

నా తట్టకి అటు షున్ రాణి తట్ట, ఇటు వెన్ రాణి తట్ట. షున్ రాణి ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు. ఒకప్పుడు చక్రవర్తికి ఆవిడ సంగీతం వినందే తెల్లవారేది కాదట. ఇప్పుడు నోరు విప్పితే ముల్లే. నన్ను చూడగానే "ఈ పిల్లని పురుగుల్ని పెంచమన్నారా, పురుగులతోపాటు పెంచమన్నారా?" అంది. అందరూ నవ్వారు. వెన్ రాణి మాత్రం నా చెయ్యి పట్టుకుని "పట్టించుకోకు చెల్లీ, ఆవిడంతే" అని ఊరబెట్టిన రేగుపళ్ళు పెట్టింది.

పొద్దున్నే మెలకువ రాగానే వాన పడుతోందనుకుని వాకిట్లోకి వెళ్ళాను. నేల పొడిగా ఉంది. ఇన్ని వేల పురుగులు ఆకు తింటుంటే వచ్చే చప్పుడట అది. ఈ ఇంట్లో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది, ఎవరూ తడవరు.

నీ చెల్లెలు,
మియెన్


మూడో నెల, తొమ్మిదో రోజు
కాగితాల రేవు

అమ్మలూ,

అన్నం తిన్నావా? ముందు దీనికి జవాబు చెప్పుకుని, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం చూసి నేను ఏడ్చిన ఏడుపుకి మీ బావ కాగితం గుజ్జు తొట్టి దగ్గర పని వదిలేసి "ఎవరు పోయారే?" అని పరిగెత్తుకొచ్చాడు. "ఎవరూ పోలేదు, పోయిందనుకున్నది దొరికింది" అన్నాను.

కాగితం ఇలా పచ్చగా ఉందేమిటా అని చూస్తున్నావా? మీ బావ కొత్త సరుకు. చేదు బెరడు కషాయంలో ముంచి, ఏదో ఎర్రరాతి పొడి పూసి ఆరబెడతాడు. గ్రంథాలు రాసుకోవడానికి మఠాలవాళ్ళు ఎగబడి కొంటున్నారు. పురుగన్నది దగ్గరికి రాదట, నూరేళ్ళుంటుందట. కత్తిరించగా మిగిలిన అంచులన్నీ నావే. కాబట్టి నా ఉత్తరాలు నీ మనవలు కూడా చదువుకోవచ్చు.

మనవలంటే గుర్తొచ్చింది. పుల్లటివి తినాలనిపిస్తోందా? రేగుపళ్ళు తిన్నానని రాశావు. సిగ్గుపడకుండా చెప్పు. చెప్పులే చూశానంటావు, చెప్పులు వేసుకున్నాయన నిన్ను చూశాడా లేదా?

ఆ షున్ రాణికి దూరంగా ఉండు. ఇంటి కుక్కకి వయసు మళ్ళాక కొత్త కుక్కపిల్లని కరవాలనే ఉంటుంది. వెన్ రాణి మంచి మనిషిలా ఉంది, ఆవిడ చెయ్యి వదలకు. సవతుల కొంపలో ఒక్క స్నేహమైనా లేకపోతే బతకలేవు.

ఆ పూట నీకే దక్కుతుంది. నేను వస్తాను, చూస్తూండు. ఇక్కడ చిన్నదానికి నాలుగు పళ్ళొచ్చాయి, అందరినీ కొరుకుతోంది.

నీ అక్క,
రూహే


మూడో నెల, పదిహేడో రోజు
పట్టుపురుగుల ఇల్లు

అక్కా,

అన్నం తిన్నాను. చేప కూడా పెట్టారు. నువ్వు అనుకున్నదేమీ లేదు, ఆ ముక్క చదివి చెవులు కాలిపోయాయి. కానీ ఒకటి జరిగింది. ఇప్పటికీ నిజంగా జరిగిందో కలగన్నానో తెలియడం లేదు.

పురుగులు మూడో నిద్ర లేచిన రోజు మధ్యాహ్నం అందరూ విశ్రాంతిగా ఉన్నారు. ఆకు వెయ్యడానికి నేనొక్కదాన్నే మిగిలాను. గడపలో ఎవరో నిలబడ్డారు. చెప్పులు చూసి గుర్తుపట్టాను.

"ఇదేం చప్పుడు?" అన్నారు.

"పురుగులు తింటున్నాయి ప్రభూ."

"వాన అనుకున్నాను" అన్నారు.

"నేనూ అలాగే అనుకున్నాను" అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన గడపకి చేరగిలి కూర్చున్నారు. కాసేపటికి నిద్రపోయారు. నేను ఆకుల గంప ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉన్నాను. నిద్రలో ఆయన నోరు కాస్త తెరుచుకుంది, అచ్చం బావకిలాగే. బయట ఎండ, లోపల వాన. ఎంతసేపో చెప్పలేను. లేచి వెళ్ళిపోయారు.

సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది. వెన్ రాణి నన్ను దగ్గరికి తీసుకుని "నా బంగారు చెల్లీ" అంది. మరునాటి నుంచీ ఆవిడ దాసీలు శుభ్రం చేస్తామంటూ నా గదిలో పెట్టెలు, పరుపు అన్నీ తిరగేస్తున్నారు. షున్ రాణి మాత్రం నా వైపు చాలాసేపు చూసి "పన్నెండేళ్ళు ఆయనకి ఏడు తంత్రులు మీటాను. నా దగ్గర ఒక్కనాడూ నిద్రపోలేదే" అంది. నేను దగ్గరికి వెళ్ళబోతే ముక్కు మూసుకుంది. "ఏం పూసుకున్నావే? కషాయం కంపు కొడుతున్నావు. ఆ కంపుతో తట్టల దగ్గరికి రాకు, పో అవతలికి" అంది.

నేనేమీ పూసుకోలేదక్కా. ఇక్కడ వాసనలు పూసుకుని పురుగుల దగ్గరికి వెళ్ళకూడదని నాకూ తెలుసు. పొద్దున్నే స్నానం చేశాను. నీ ఉత్తరం మాత్రం చొక్కా లోపల, గుండెకి ఆనించి పెట్టుకున్నాను. అక్కడైతే ఎవరూ వెతకరని.

మియెన్


మూడో నెల, ఇరవై నాలుగో రోజు
కాగితాల రేవు

పిచ్చిమొహమా,

అన్నం తిన్నావా?

నీకు అర్థం కాలేదు కానీ నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. కంపు కాదు, కడుపుమంట. నిన్ను ఆ తట్ట దగ్గర్నుంచి తరిమెయ్యాలని చూస్తోంది. నువ్వు పక్కకి వెళ్ళగానే ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? ఇంత సున్నం చల్లినా చాలు పురుగులకి. ఒక కన్నేసి ఉంచు. ఏదైనా కంటబడితే నీళ్ళు నములుతూ నిలబడకు. ముందు నోరు విప్పినదే గెలుస్తుంది. చిన్నప్పుడు పక్కింటి బాతుల్ని తరిమింది నువ్వు కాకపోయినా నోరెత్తకపోబట్టే కదా అమ్మ నిన్ను కొట్టింది.

దాసీలు గది వెతుకుతుంటే ఉత్తరాన్ని ఒంటిమీద పెట్టుకుంటావా? రేపు చొక్కా మార్చేటప్పుడు జారి పడితే? ఎవరి చెయ్యీ వెళ్ళని చోటు చూసి దాచు. చింపెయ్యమని చెప్పాలని ఉంది కానీ నువ్వు చింపవు, నాకు తెలుసు.

ఈసారి అయిదు కాగితాలు రాశాను. మిగతా నాలుగింటిలో ఇంటి సంగతులే: చిన్నది గూ అవ్వ వేలు కొరికిన వైనం, ఏటికి నీళ్ళొచ్చి మీ బావ తొట్టెలు తేలిపోయిన వైనం. దిగులేసినప్పుడు ఒక్కొక్కటి తీసి చదువుకో. ఒకేసారి తినెయ్యకు.

రూహే


నాలుగో నెల, అయిదో రోజు
పట్టుపురుగుల ఇల్లు

అక్కా,

నువ్వు వస్తున్నావు! అయిదో నెల అయిదో రోజున, పడవల పండగ నాడు, పొద్దున్నించి పొద్దుగూకేదాకా. మహారాణి అనుమతిపత్రం నా ఎదురుగా ఉంది. ముద్ర ఇంకా వాసనేస్తోంది. కానీ ఇది నా చేతికి వచ్చిన తీరు నువ్వు అనుకునేది కాదు.

నా పురుగులు పోయాయి.

నాలుగో నిద్రకి వెళ్ళినప్పుడు ఎంత బాగున్నాయో. తెల్లగా, వేలంత లావుగా, తలలు పైకెత్తి, ఎక్కడో దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు అలాగే నిద్రపోయాయి. ఆ రెండు రోజులూ తట్ట ముట్టుకోవడం మహాపాపం. గట్టిగా మాట్లాడం, దగ్గం. నాకూ నిద్రలో నడుస్తున్నట్టే ఉండేది. కలలో నువ్వు తెల్లటి పడవలో వచ్చావు, పడవ నిండా ఆకులే.

రెండో రోజు మధ్యాహ్నం మెలకువొచ్చి చూస్తే షున్ రాణి నా తట్ట మీదకి వంగి ఉంది. చెయ్యి మోచేతి దాకా పురుగుల కింద పరిచిన గడ్డిలో ఉంది. నన్ను చూసి గబుక్కున తీసేసుకుంది. వెళ్ళిపోయింది. మరునాడు చాలా పురుగులు లేవలేదు. లేచినవి ఆకు ముట్టలేదు. సాయంత్రానికి నల్లబడి వేలాడిపోయాయి. షున్ రాణివీ వెన్ రాణివీ చక్కగా తింటున్నాయి.

వెన్ రాణి నా కన్నీళ్ళు తుడిచి "చెల్లీ, నువ్వు ఎవరినీ ఏమీ అనొద్దు. చూసింది చూసినట్టు చెప్పు, అంతే. అది తప్పెలా అవుతుంది?" అంది. నువ్వూ అలాగే రాశావు కదా. మహారాణి ముందు నోరు విప్పాను. షున్ రాణిని అడిగారు, చెయ్యి పెట్టావా అని. పెట్టానంది. ఎందుకు అంటే నేల చూసింది. ఎన్నిసార్లు అడిగినా అంతే. పదవి తీసేసి ఉత్తరపు గోడ దగ్గర మూసేసిన వాకిట్లో పెట్టారు. తలుపుకి అడ్డగడియ వేశారు. తిండి గోడకున్న కంతలోంచి అందిస్తారు. బతికినంతకాలం.

పూజావస్త్రానికి వెన్ రాణి గూళ్ళు ఎంచారు. నా మీద జాలిపడి మహారాణి ఆ పూట మాత్రం నాకు ఇచ్చారు.

నువ్వు చెప్పినట్టే జరిగిందక్కా. అయినా ఆవిడ నేల చూస్తూ నిలబడ్డ తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నీ ఉత్తరాలు భద్రం. ఎవరి చెయ్యీ వెళ్ళని చోటంటే నాకు నిద్రపోయే తట్టే తోచింది. ఆరు కాగితాలూ పురుగుల కింది గడ్డిలో పరిచాను. కొంచెం తడిసి రంగు కారాయి కానీ చదవడానికి వస్తున్నాయి.

ఏం కట్టుకుని వస్తావు? నాకు తెలియాలి, రోజూ తలుచుకోవడానికి.

మియెన్


నాలుగో నెల, పదకొండో రోజు
కాగితాల రేవు

మియెన్,

కూర్చుని చదువు.

నీ పురుగుల్ని షున్ రాణి చంపలేదు. నేను చంపాను. నా కాగితం చంపింది. మీ బావకి చెబితే ముఖం పాలిపోయింది. ఆ ఎర్రపొడి తడి తగిలితే విషమట. ఆరబెట్టిన చోట చీమలు కుప్పలుగా చచ్చిపడతాయట. మొదటి ఉత్తరంలోనే గొప్పగా రాశాను, పురుగు దగ్గరికి రాదని. నువ్వు చదివావు, నేను రాశాను, ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ కషాయం కంపన్నది నిజమే. నేను కడుపుమంటన్నాను.

అన్నీ తీసి కడిగెయ్యి, కాదు, పాతెయ్యి. ఎవరి కంటా పడకూడదు.

ఇంక విను. నోరు విప్పమన్న నేనే చెబుతున్నాను, ఈసారి నోరు మూసుకో. ఉత్తరాల సంగతి బయటపడితే నువ్వు, నేను, మీ బావ, గూ అవ్వ, అందరం పోతాం. చిన్నది ఇవాళ నా వేలు పట్టుకుని మూడడుగులు వేసింది. ఆవిడ తట్టలో చెయ్యి పెట్టిన మాట నిజమే కదా? నువ్వు అబద్ధమేమీ ఆడలేదు కదా? అలా అనుకో. నేనూ అలాగే అనుకోవాలని చూస్తున్నాను.

నీలం చొక్కా వేసుకుని వస్తాను. పెళ్ళినాటిది. ఆ ఒక్క పూట నీ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. తర్వాత దేవుడెలా రాస్తే అలా.

రూహే


నాలుగో నెల, ఇరవయ్యో రోజు

అక్కా,

నేను క్షేమం. ముందు ఇది చదువుకుని ఊపిరి తీసుకో.

నీ ఉత్తరం చేరాక రెండు రోజులు నువ్వు చెప్పినట్టే ఉందామని చూశాను. ఆకు తినే చప్పుడు ఆగిపోయింది కదా, అన్ని పురుగులూ గూళ్ళలోకి వెళ్ళిపోయాయి. అంత నిశ్శబ్దంలో నా మాట నాకే వినిపిస్తోంది: "చెయ్యి పెట్టడం చూశాను మహారాణీ." మూడో రోజు తిండి అందించే దాసీ వెంట ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళాను. కంతలోంచి ఆవిడ మొహం సగమే కనిపించింది.

"ఏమే కషాయం, చూసి నవ్వడానికొచ్చావా?" అంది.

"అక్కగారూ, మీరు నా తట్టలో చెయ్యెందుకు పెట్టారు?"

కంతకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. తర్వాత చెప్పింది. గడ్డి కింద నేను కాగితం దాస్తుండగా చూసిందట. నన్ను పట్టిద్దామని, నేను నిద్రలో ఉండగా తీసిందట. "చక్రవర్తి నీ గడపలో నిద్రపోయాడని కుళ్ళుకుని చచ్చాను. నీ కొంప కూల్చాలనే తీశాను. మంచిదాన్నని అనుకోకు" అంది.

"మరి పట్టించలేదేం?"

"చదివాను కాబట్టి. అన్నం తిన్నావా అని ఉంది. ఇక్కడ నన్ను ఆ మాట అడిగి పన్నెండేళ్ళయింది. పెట్టేసి, మరునాడు ఇంకోటి తీశాను. ఎవరిదో చంటిది ముసలమ్మ వేలు కొరికిందట కదా, నవ్వాగలేదు. ఆ రోజు మూడోది తీస్తుంటే నువ్వు లేచావు."

"అది మహారాణికి చెప్పి ఉంటే మీరు బయటపడేవారు."

"చెప్తే నీకు ఉత్తరాలు ఆగిపోతాయి కదే, పిచ్చిదానా" అంది. అని కంత దగ్గర్నుంచి తప్పుకుంది. "పో. నేను చేసి దొరకని పాపాలు చాలా ఉన్నాయి. వాటికిదనుకుంటాను. మీ అక్క వస్తుందటగా, పో."

అక్కా, ఆవిడ నువ్వు రావడం గురించి ఆ మాట అనకపోయి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో.

ఈ ఉదయం మహారాణి కాళ్ళ దగ్గర పడ్డాను. నా తట్టలో విషపు కాగితం పెట్టింది నేనే అన్నాను. పుట్టింటి నుంచి కాపురానికి వచ్చేటప్పుడు పెట్టె అడుగున పరుచుకొచ్చిన కాగితమన్నాను. నువ్వు చెప్పినట్టు అన్నీ నీళ్ళలో నానబెట్టి పాతేశాను, ఒక్క చిన్న ముక్క తప్ప. పాతలేకపోయాను. అది ఆవిడ చేతికిచ్చాను. "అన్నం తిన్నావా" అని మాత్రమే ఉంది అందులో.

"ఇది రాసిందెవరు?" అన్నారు.

"నేనే" అన్నాను. "మా అక్క నేను వచ్చాక ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఉండబట్టలేక, తను రాసినట్టు నాకు నేనే రాసుకుని చదువుకునేదాన్ని. షున్ అక్కగారు అది చూశారు. నా పరువు పోతుందని చెప్పలేదు."

వెన్ రాణి పక్కనే ఉంది. "ఎంత నాటకం!" అంది నవ్వుతూ. మహారాణి నవ్వలేదు. ఆ ముక్క వంక చూస్తూ "వచ్చిన కొత్తలో నేనూ మా అమ్మ గొంతుతో నాకు నేనే జవాబు చెప్పుకునేదాన్ని" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. ఆ ముక్కని తన చేతిలోనే మడిచి ఉంచుకున్నారు.

షున్ అక్కగారిని బయటికి తెచ్చారు. దేవత సొత్తు చంపి, నిజం దాచినందుకు ఆ వాకిట్లోకి రేపటి నుంచి నేను వెళతాను. మూడు వసంతాలు. బతికినంతకాలం కాదు, మూడే. అనుమతిపత్రం తిరిగి తీసేసుకున్నారు. నీలం చొక్కా మడిచి పెట్టెలో పెట్టెయ్యి. ఇప్పటికే పడవ మాట్లాడుకుని ఉంటే వద్దని చెప్పెయ్యి.

ఈ ఉత్తరాన్ని షున్ అక్కగారే తన చొక్కా చేతిలోపల పెట్టుకుని గూ అవ్వకి అందిస్తానంది. "నీ రాత నేను మొయ్యాలా?" అని సణుగుతూనే కాగితం తెచ్చిచ్చింది. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని ఎవరూ రాకుండా చూస్తోంది.

నువ్వు నాకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదక్కా. ఇది గట్టిగా గుర్తుంచుకో. రాజుగారి మనుషులు వచ్చి అడిగితే విసుక్కుంటూ చెప్పు, అది మమ్మల్ని మరిచింది, మేమూ దాన్ని మరిచాం అని. బావ చేత కూడా అదే చెప్పించు. ఇంక రాయకు. నేనూ రాయను. ఏడుపొస్తే పొయ్యి పొగ అని చెప్పు.

నావి మూడు ఉన్నాయి నీ దగ్గర. అవి ముందు. ఆఖరున ఇది. చదివిన చోటు నుంచి లేవకముందే, చిన్నదాన్ని ఒళ్ళోంచి దింపకముందే, కాల్చెయ్యి.

మియెన్